తింటున్నాడు కదా!

2025 ఏప్రిల్ 13 ఆదివారం, పొద్దున పదకొండింటికి మా లాబ్రడార్ కుక్క బెల్లం పోయాడు. అంతకు ఇరవై నిమిషాల ముందు ఉడకబెట్టిన గుడ్డు తిన్నాడు. తిని, నా వేళ్ళ సందులన్నీ నాకి, ఇంకోటి దాచానేమోనని చీర కుచ్చిళ్ళ దగ్గర వాసన చూశాడు. రెండున్నర నెలల ఈ కథంతా ఒక రకంగా ఆ గుడ్డు కథే. ఇంట్లో లాబ్రడార్ ఉన్నవాళ్ళకి పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

బెల్లం 2015 ఆగస్టులో మా ఇంటికొచ్చాడు. గుంటూరులో ఒకాయన దగ్గర తొమ్మిది వేలకి కొన్నాం. అచ్చు అనకాపల్లి బెల్లం రంగు. ఆ పేరు మా అత్తయ్య పెట్టింది. ఆసుపత్రిలో "బెల్లం ఎవరండీ, బెల్లం?" అని పిలిస్తే వరండాలో అందరూ నవ్వేవాళ్ళు. ఆఖరి రోజుల్లో కూడా నవ్వారు. మాకూ నవ్వొచ్చేది.

నా చిన్నప్పుడు తెనాలిలో మాకు స్నోయీ అని పొమేరియన్ ఉండేది. (అప్పట్లో వీధికొకటి ఉండే ఆ తెల్ల కుక్కలు అసలు పొమేరియన్లు కావట, ఇండియన్ స్పిట్జ్ అట. ఈ మధ్యే తెలిసింది.) దాని గోరు కత్తిరిస్తే వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేది. కాలికి ముల్లు గుచ్చుకుంటే, ముల్లు తీసేశాక కూడా మూడు రోజులు కుంటేది. బెల్లం దానికి పూర్తిగా వ్యతిరేకం. తలుపు సందులో తోక నలిగినా అదే తోక ఊపేవాడు. టీకా వేసే డాక్టరు చెయ్యి నాకేవాడు. వాడికి ఏది బాధో, ఏది సంతోషమో మొహం చూస్తే తెలిసేది కాదు. అందుకని తెలియకుండానే మేమొక కొలత పెట్టుకున్నాం: అన్నం తింటే బాగున్నట్టు, తినకపోతే బాగాలేనట్టు. తొమ్మిదిన్నరేళ్ళలో వాడు అన్నం వదిలేసిన పూట ఒక్కటి కూడా లేదు.

ఇంకొకతె చుక్క. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్ మీద పడినప్పుడు వచ్చిన పిల్ల. మాది రెండో అంతస్తు. కింద పార్కింగంతా మునిగిపోయింది. బెల్లం ఆ మురికినీళ్ళు చూసి ఈత కొడదామని ఒకటే గోల, బాల్కనీ గ్రిల్లుకి కట్టెయ్యాల్సి వచ్చింది. ఆ సాయంత్రం నుదుట తెల్ల మచ్చ ఉన్న వీధి కుక్క ఒకటి ఈదుకుంటూ మా మెట్ల మీదికొచ్చి వణుకుతూ కూర్చుంది. బ్రెడ్డు ఇస్తే చేతిలోంచి తీసుకోలేదు. కింద పెట్టాక నోట కరుచుకుని పై మెట్టు మలుపులో దాచుకుంది. బెల్లంగాడు వెళ్ళి అది తినేసి వచ్చాడు. నీళ్ళు తీశాక కూడా చుక్క పోలేదు. ఒంట్లో బాగాలేకపోతే మంచం కిందికి దూరి, రెండ్రోజులు ఎవరికీ కనపడదు. అంటే స్నోయీ అరిచి చెప్పేది, చుక్క దాక్కుని చెబుతుంది. బెల్లం మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు.

జనవరి 26న, ఆదివారం, వాకింగ్‌లో సగం దూరం వెళ్ళి కూర్చుండిపోయాడు. నాలుక పాలిపోయినట్టు అనిపించింది కానీ ఎండ అనుకున్నాం. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్తే పొట్ట నొక్కి చూసి, గ్యాస్ అన్నారు. బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్, లివర్ టానిక్, రూ.600. రాత్రికి లేచి గిన్నె ఖాళీ చేశాడు. "తింటున్నాడు కదా" అన్నాను. అన్నది నేనే, అందుకే ఆ మాట ఇంకా చెవిలో ఉంది. ఆ రోజు లోపల కొంచెం రక్తం కారి ఆగిపోయి ఉంటుందని, ఆ రక్తాన్ని ఒళ్ళే మళ్ళీ పీల్చుకుంటుంది కాబట్టి మర్నాటికి కుక్కలు మామూలుగా కనిపిస్తాయని రెండు వారాల తర్వాత తెలిసింది. మీ కుక్క ఒక పూట నీరసపడి, మర్నాడు ఏమీ జరగనట్టు లేస్తే, ఆ ఒక్క పూటని వదిలెయ్యకండి. పొట్ట స్కాన్‌కి అప్పుడు రూ.1,500. మేము జనవరిలో తీయించలేదు.

ఫిబ్రవరి 9, మళ్ళీ ఆదివారమే. రాత్రి ఏడున్నరకి గిన్నె చప్పుడు విని లేచి వస్తూ హాల్లో వెనక కాళ్ళు మడతపడి పడిపోయాడు. పడుకునే మెడ చాచాడు. గిన్నె ముందుకు జరిపితే నాలుగు ముద్దలు తిన్నాడు. అత్తయ్య "తింటున్నాడుగా, పొద్దున్నే చూద్దాం లేమ్మా" అంది. నేనూ ఊ అనబోయాను. మా అమ్మాయి ఊరుకోకుండా పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి.

ఆదివారం రాత్రి పశువుల డాక్టరు దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రెండు చోట్ల ఫోన్ ఎత్తలేదు, మూడో చోట ఎత్తారు. ముప్పై ఆరు కిలోలవాణ్ణి దుప్పట్లో వేసి మా ఆయన, వాచ్‌మన్, పై ఫ్లోరు అబ్బాయి, నేను తలా ఒక కొస పట్టుకుని దించాం. ఆ రాత్రి సెలైన్, రక్తం ఆగే ఇంజెక్షన్, పొట్ట చుట్టూ గట్టిగా కట్టు. స్కాన్ తీసే మనిషి పొద్దున్నే వస్తారన్నారు. బల్ల కింద చాప వేసుకుని కూర్చున్నాం. సోమవారం తొమ్మిదింటికి స్కాన్: స్ప్లీన్ (పొట్టలో ఉండే ప్లీహం) మీద పెద్ద గడ్డ, అది చిట్లి కడుపులో రక్తం. రక్తంలో ఎర్రకణాల శాతం కుక్కలకి 37 నుంచి 55 మధ్య ఉండాలట, వీడికి 17.

ఆపరేషన్ చెయ్యాలంటే ముందు రక్తం ఎక్కించాలి. కుక్క రక్తం ఎక్కడ దొరుకుతుంది? బ్లడ్ బ్యాంకులా ఫోన్ చేస్తే ఇచ్చేది కాదు, మరో కుక్కని తెచ్చుకోవాలి. పాతిక కిలోలు దాటి, ఆరోగ్యంగా, టీకాలన్నీ వేసి ఉండాలి. వాట్సాప్‌లో పెట్టిన మూడు గంటలకి పటమట నుంచి ముక్కూ మొహం తెలియని ఒకాయన తన జర్మన్ షెపర్డ్‌ని తీసుకొచ్చారు. నాలుగేళ్ళది, 34 కిలోలు. ముందు దానికి గోమార్ల (పిడుదుల) వల్ల వచ్చే జ్వరం లేదని పరీక్ష చేశారు. కుక్కలకి మొదటిసారి ఎక్కించేటప్పుడు మామూలుగా ఇబ్బంది రాదని, రెండోసారి అయితే సరిచూడకుండా ఎక్కించకూడదని డాక్టరు గారు చెప్పారు. ఆ షెపర్డ్ లోపలికి వచ్చినప్పటి నుంచి యజమానికీ మాకూ మధ్యలో నిలబడి, ఒక్కొక్కరినీ కానిస్టేబుల్ చూసినట్టు చూసింది. మూతికి తొడుగు వేశారు. ఆయన దాని ముందు గొంతుక్కూర్చుని "ఉండు నాన్నా, ఉండు" అంటూనే ఉన్నారు. మెడ దగ్గర బొచ్చు గీసి సూది పెట్టినా అది కదల్లేదు, ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు. అదే మా వాడైతే రక్తం తీసేవాళ్ళ జేబులో బిస్కెట్లు వెతికేవాడు. ఆయన డబ్బు తీసుకోలేదు, కాఫీ కూడా తాగలేదు. పరీక్షలకీ బ్యాగుకీ కలిపి రూ.5,500 అయింది.

ఆపరేషన్ ముందు డాక్టరు గారు నన్నూ మా ఆయన్నీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పారు. స్ప్లీన్ గడ్డల్లో మూడింట రెండు వంతులు చెడ్డవే. ఆ చెడ్డవాటిలో మళ్ళీ మూడింట రెండు రక్తనాళాల గోడల్లో పుట్టే క్యాన్సర్, పేరు హెమాంజియోసార్కోమా. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ. అదే అయితే గడ్డ తీసినా ఒకటి నుంచి మూడు నెలలు. "బయాప్సీ వస్తే గాని తెలియదు మేడమ్, ఈ రోజు మాత్రం తీయకపోతే రాత్రికి ఉండడు." ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. చేయించాం. ఫిబ్రవరి 11, మంగళవారం, గంటా నలభై నిమిషాలు. స్టీల్ ట్రేలో తెచ్చి చూపించారు. చిన్న కొబ్బరికాయంత ఉంది. చూడనన్నాను, చూశాను.

ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటి ఉంది. మత్తు దిగేటప్పుడు వాడు గంటన్నర సేపు ఊళపెట్టాడు. ఎన్నడూ కుయ్యిమనని కుక్క అలా అరుస్తుంటే నొప్పితో చచ్చిపోతున్నాడనుకుని నేను బయటికి పరిగెత్తాను. అది నొప్పి కాదట, మత్తులో తికమక. ఇంకోటి, స్ప్లీన్ తీశాక గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుందని రెండు మూడు రోజులు అక్కడే ఉంచాలి. మేము అడక్కపోతే బిల్లు చూసినప్పుడే తెలిసేది. ఆపరేషన్, ఉంచడం కలిపి రూ.42,000. బయాప్సీకి మరో రూ.3,500.

14న ఇంటికొచ్చాడు. మెడకు ప్లాస్టిక్ కోన్ పెడితే గోడలకి గుద్దుకుంటున్నాడని, మా ఆయన పాత టీషర్ట్ తొడిగి నడుము దగ్గర ముడి వేశాం. చక్కగా పనిచేసింది. టైల్స్ మీద జారకుండా ఇల్లంతా గోనెపట్టాలు పరిచాం. అవన్నీ ఇప్పటికీ తీయలేదు.

రిపోర్టు 24న వచ్చింది. పదమూడు రోజులు. ఆ పదమూడు రోజుల్లో మాకు ఆశ పెట్టింది వాడి తిండే. కుట్లతో ఉండి కూడా చికెన్ కాళ్ళ కోసం వంటింటి గుమ్మంలో కాపలా. ఇంత తినేవాడికి క్యాన్సరేంటి అనుకున్నాం. రిపోర్టు మూడు పేరాలు, ఇంగ్లీషు. ఆ పెద్ద మాట మాత్రం బోల్డ్‌లో ఉంది. మా అమ్మాయికి మార్చి మొదట్లో ఇంటర్ సెకండియర్ పరీక్షలు. చెప్పకూడదని ముగ్గురం అనుకున్నాం. "మంచి గడ్డేనట" అని అబద్ధం చెప్పాను. అది సరైన పనో కాదో ఇప్పటికీ తేలలేదు. తను నాతో సరిగ్గా మాట్లాడటం ఈ వారమే మొదలుపెట్టింది.

కీమో అడిగాం. మూడు వారాలకోసారి డాక్సోరూబిసిన్ అనే మందు, నాలుగైదు సార్లు. అన్నీ కలిసొస్తే బతుకు సగటున నాలుగు నుంచి ఆరు నెలలకి పెరగొచ్చు, నయం కాదు. వద్దనుకున్నాం. డబ్బు ఒక కారణం, సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి. రెండోది, వాడు ఆ ఆసుపత్రి గేటు చూసి మొదటిసారి వెనక్కి లాగాడు. తొమ్మిదేళ్ళు ఏ గేటు చూసినా ముందుకే లాగినవాడు.

రక్తం కారకుండా ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు, ఐరన్, పొద్దునా సాయంత్రం ఫోన్ లైట్ వేసి చిగుళ్ళు చూడటం. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. పడుకున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్క, ముప్పై దాటకూడదు. గ్యాస్ బుక్కు వెనకాల రాసుకునేదాన్ని. మార్చి 21 రాత్రి చిగుళ్ళు తెల్లబడ్డాయి, పొద్దుటికి సర్దుకున్నాయి. మార్చి 30 ఉగాదికి పచ్చడి గిన్నె నాకేశాడు, వేపపువ్వుతో సహా. అత్తయ్య ఎంత నవ్విందో. ఆ రోజు మా ఆయనా నేనూ ఒక మాట అనుకున్నాం: వీడు అన్నం మానేసిన రోజు డాక్టరుకి ఫోన్ చేద్దాం, అంతకు ముందు వద్దు.

ఏప్రిల్ 12, శనివారం. పదకొండింటికి ఇంటర్ ఫలితాలు. అమ్మాయికి మంచి మార్కులొచ్చాయి, పూతరేకులు తెచ్చాం. బెల్లానికీ ఒక ముక్క. సాయంత్రం ఐదింటికి మూత్రానికి లేవబోయి కూలిపోయాడు. పొట్ట బిందెలా ఉబ్బింది. డాక్టరు గారు ఇంటికే వచ్చారు. సూది గుచ్చితే రక్తమే. మళ్ళీ ఆపరేషన్‌కి అర్థం లేదన్నారు. అప్పుడే అమ్మాయికి అంతా చెప్పాల్సి వచ్చింది.

"పొద్దున తిన్నాడండీ" అన్నాన్నేను. డాక్టరు గారు నన్ను ఆపి, "తిండి కాకుండా వీడికి ఇష్టమైనవి మూడు చెప్పండి" అన్నారు. మా ఆయన, కింద నుంచి పేపర్ నోట కరుచుకుని తేవడం అన్నారు. అమ్మాయి, "నేను చదువుతుంటే పుస్తకం మీద తల పెట్టడం" అంది. అత్తయ్య కాసేపు ఆలోచించి, "సాయంత్రం నాతో గుడిదాకా" అంది. ఇవన్నీ చివరిసారి ఎప్పుడు చేశాడని అడిగారాయన. పేపర్ మార్చి మొదట్లోనే ఆగిపోయింది. గుడికి ఉగాది తర్వాత వెళ్ళలేదు. పుస్తకం సంగతి అమ్మాయి చెప్పలేకపోయింది. మేము రోజూ గిన్నె చూసి నిశ్చింతగా ఉన్నాం. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఆకలిని అదుపులో పెట్టే జన్యువొకటి దెబ్బతిని ఉంటుందని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు కనుక్కున్నారని కూడా ఆయనే చెప్పారు. "వీడు ప్రాణం పోతున్నా తింటాడు మేడమ్. ఆ లెక్క చుక్కకి పెట్టుకోండి, వీడికి కాదు."

మర్నాడు పదిన్నరకి రమ్మన్నాం. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, ముందరి కాలికి సూది అలాగే ఉంచి వెళ్ళారు. తర్వాత చేసిన పని అన్నిటికంటే కష్టమైంది. ఉయ్యూరు దాటాక మా మామగారి పొలం ఉంది, అది చూసుకునే బాబాయికి మా ఆయన ఫోన్ చేసి గొయ్యి తీయించమన్నారు. ఏప్రిల్‌లో నల్లరేగడి బండలా ఉంటుంది, రాత్రే నీళ్ళు పెట్టి నానబెట్టకపోతే గడ్డపార దిగదు. అందుకని ముందు రోజే చెప్పాలి. ఇక్కడ వీడు నా కాలి మీద గడ్డం ఆన్చి పెరుగన్నం తింటున్నాడు, అక్కడ వీడి కోసం మన్ను తడుపుతున్నారు. ఆ రాత్రి నలుగురం హాల్లోనే పడుకున్నాం.

ఆదివారం డాక్టరు గారు ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. పేరు గడిలో నా చేత్తో "బెల్లం" అని రాశాను. మత్తు మందుకి వాంతి కావచ్చు కాబట్టి ఎక్కువ పెట్టొద్దు, ఒక గుడ్డు పర్లేదన్నారు. మొదటి ఇంజెక్షన్‌కి ఐదు నిమిషాల్లో గురక పెట్టాడు, రోజూ పెట్టే గురకే. రెండోది లేత పసుపు రంగులో, థయోపెంటోన్, ఎక్కువ మోతాదు. నిమిషం కూడా పట్టలేదు. స్టెతస్కోప్ పెట్టి విని, తలాడించారు. ఆయన ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే భయపడేవాళ్ళం: గుండె ఆగాక రెండుసార్లు నోరు తెరిచి గాలి పీల్చినట్టు చేస్తుంది, మూత్రం పోతుంది, కళ్ళు మూతపడవు. కింద పాత తువ్వాళ్ళు వేసుకోండి. గంట రెండు గంటల్లో బిగుసుకుంటుంది కాబట్టి కాళ్ళు అప్పుడే ముడిచి, నిద్రపోయినట్టు పెట్టాలి. లేకపోతే కారులో పట్టదు, గొయ్యిలో సరిగా కూర్చోదు.

చుక్కని గదిలో పెడదామనుకుంటే డాక్టరు గారు వద్దన్నారు, చూడనివ్వమన్నారు. వచ్చి చెవి వాసన చూసింది, పాదాలు చూసింది, గిన్నె దగ్గరికెళ్ళి అదీ చూసింది. తర్వాత మంచం కిందికి పోయింది.

పొలంలో గొయ్యి నా ఛాతీ లోతు ఉంది. పది కిలోల కళ్ళుప్పు, సున్నం, పైన మన్ను, దాని మీద కుక్కలూ నక్కలూ తవ్వకుండా తుమ్మకంప. పక్క చేను వాళ్ళు ఒకరిద్దరు "కుక్కకి ఇంత హడావుడా" అన్నట్టు చూశారు. బాబాయి మాత్రం తలపాగా తీసి నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అత్తయ్య ఎవరితో ఏమీ అనకుండా తలస్నానం చేసి, దేవుడి గదిలో దీపం పెట్టి వచ్చింది.

జనవరి నుంచి మొత్తం రూ.76,700 అయింది. ఆపరేషన్ మరో అరవై ఒక్క రోజులిచ్చింది. మళ్ళీ అయితే చేయిస్తారా అని మా చెల్లి అడిగింది. చేయిస్తాననే అన్నాను. మా ఆయన చేయించనన్నారు. ఒకే ఇంట్లో రెండు సమాధానాలు.

చికెన్ కొట్టు అబ్బాయి మొన్న అడక్కుండానే అరకిలో కాళ్ళూ మెడలూ తూచి కవర్లో కట్టేశాడు. వద్దని చెప్పలేక తెచ్చాను. చుక్క రెండు తిని, మూడోది నోట కరుచుకుని వాషింగ్ మెషీన్ వెనక్కి పోయింది. నిన్న మెషీన్ జరిపి ఊడుద్దామంటే అక్కడ ఎండిపోయిన రొట్టె ముక్కలు నాలుగు, ఒక ఎముక ఉన్నాయి. బెల్లం ఎత్తుకుపోకుండా దాచుకున్నవి. ఎముకని చీమలు పట్టాయి, తీసేశాను. రొట్టె ముక్కలు అక్కడే పెట్టి మెషీన్ మళ్ళీ వెనక్కి నెట్టాను.